ప్రసవవేదనోపశమన విచారము

విద్వాంసుఁడు పడు శ్రమ విద్వాంసునకే తెలియుననియు, గొడ్రాలికిఁ బురిటినొప్పి యెట్టిదో తెలియదనియుఁ దాత్పర్యముగల సుభాషితమొకటి మన పాఠశాలలలోఁ జిరకాలముగా వాడుకయందున్నది. దానిని వల్లింపని విద్యార్థియు, సభలలో నుదాహరింపని పండితుఁడును మిక్కిలి యరుదు. మనము మన గ్రంథపరిశ్రమను గొప్పచేసికొనుటకుఁ బ్రసవవేదనను దృష్టాంతముగాఁ గైకొంటిమి. ఆ దృష్టాంతమును గూర్చి మాత్ర మెన్నఁడును విచారింపమైతిమి. ఆ వేదనను మన పూర్వు లెట్లు తలంచిరి? దాని నుపశమింపఁజేయుట ధర్మమనుకొనిరా, యధర్మమనుకొనిరా? ఇతరదేశములవా రీ విషయమున నేమి వాదించిరి? ఆ వాదమునకును మన భాగ్యనగరమునకును గల సంబంధమేమి? అను ప్రశ్నలకు యథాశక్తి సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విషయము వైద్యులది కాని వైయాకరణులది కాదని కొంద ఱనవచ్చును. అయిన నీ వివాదమున నడుగడుగునను శబ్దార్థవిచారమే ప్రధానమై నిలిచినది. ఒక హీబ్రూపదమున కర్థమేమి యను ప్రశ్నతో ఐరోపాయం దీ వాదము ముదిరినది. మన సుశ్రుతసంహితయందును నొక్క సంధిని విడఁదీయు తీరునుబట్టి యర్థము తలక్రిందగుచున్నది. కాఁబట్టి పదవిచారముతోడనే మొదలిడుదము.

1. పదవిచారము

వేదనాశబ్దము విద ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమున నీ ధాతువు జ్ఞానార్థమున నదాదియందును, సత్తార్థమున దివాదియందును, లాభార్థమునఁ దుదాదియందును, విచారణార్థమున రుధాదియందును, చేతనాద్యర్థములఁ జురాదియందును బఠింపఁబడినది. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ తృతీయపాదమునందలి 107 వ సూత్రము యుచ్ ప్రత్యయమును విధింపఁగా, దానిపై వార్తికము ఘట్టి, వంది, విది ధాతువులకును దానిని జేర్చినది. ఘట్టన, వందన, వేదన యను రూపము లట్లు సిద్ధించినవి. కావున వేదన యనఁగా మొదట నెఱుక, యనుభవము. బౌద్ధులు సుఖమును, దుఃఖమును, రెండును గానిదానిని గూడ వేదనయనియే పేర్కొనిరి. పీడయను నర్థము పిదప రూఢమైనది.

ఈ వ్యుత్పత్తివలన నొక్క విషయము స్పష్టమగుచున్నది. వేదన స్వసంవేద్యము. అనుభవించువారికిఁ దక్క నితరులకుఁ బ్రత్యక్షము కాదు. ఇతరులకు దానియందుఁ బ్రమాణ మనుభవించువారి వాక్యమొక్కటే. పురిటింటియందు స్త్రీ తనకు నొప్పి దుర్భరముగా నున్నదని చెప్పినయెడల, దానిఁ ద్రోసిపుచ్చుటకుఁ బ్రక్కనున్నవారికిఁ బ్రమాణాంతరము లేదు. ఈ మాటను ముందు మరల స్మరింపవలసియుండును.

ఇఁకఁ దెనుఁగుమాటలు. ఏకవచనమున నొప్పి యన్నచో నే యవయవపు నొప్పియైనను గావచ్చును. ఇంట గర్భిణి యున్నప్పుడు నొప్పులు వచ్చినవని బహువచనముగా నన్నచోఁ బ్రసవవేదనయే. విశేషణ మక్కఱలేదు. ప్రసవించుటకు నీళ్లాడుట యని పర్యాయము. కన్న పిదప చేయు స్నానమును జెప్పి కనుటను సూచించుట యిందలి మర్యాద. నొప్పిని, నెత్తురును బ్రస్తావింపక యా కష్టము కడతేఱిన దనుమాట మాత్రమే యిందు వినఁబడును. స్త్రీకిఁ గాన్పు పునర్జన్మమని మన యిండ్లలోఁ బెద్దలు చెప్పుదురు. ఇందు భయము ప్రాణమును గూర్చినది. ప్రాణము దక్కుటయే పదివేలైన కాలమున నొప్పిని గూర్చి యడుగువా రెవరు?

అన్నింటికంటె విచిత్రమైనది సుఖప్రసవ మను మాట. సుఖేన ప్రసవః అని తృతీయాసమాసము. కాని పండ్రెండు జాము లరచియఱచి కన్నదానికిని, తల్లియు బిడ్డయుఁ గులాసాగా నున్నచో, సుఖప్రసవమైనదనియే బంధువులకుఁ గబురు పంపుదురు. ఇచట సుఖమనఁగా నిరపాయ మనియే కాని నొప్పిలేమి యని కాదు. ఈ రెండర్థములను మన భాష యొక్కటిగాఁ గలిపివేసినది. కలిసిపోయిన యా రెంటిని విడఁదీయుటయే యీ విషయచరిత్రమునందలి ముఖ్యఘట్టము.

2. శ్రుతి, గృహ్యము, పురాణము

సుఖముగాఁ గనుటకై ప్రార్థన మన వాఙ్మయమున మిక్కిలి పురాతనము. ఋగ్వేద పంచమమండలమునందలి 78 వ సూక్తపుఁ గడపటి మంత్రములును, అథర్వవేద ప్రథమకాండమునందలి 11 వ సూక్తమును బిడ్డ నెమ్మదిగా వెలువడుటకై చెప్పఁబడినవి. ఆంధ్రదేశమున బహుసంఖ్యాకు లనుసరించు నాపస్తంబగృహ్యసూత్రమునఁ బుంసవనము వెంటనే క్షిప్రసువన మను కర్మ విధింపఁబడినది. క్రొత్తమూఁకుడుతో ఏటివాలునకు నీరు ముంచి తెచ్చి, తూర్యంతి యను నోషధిని గర్భిణి పాదములకడ నుంచి, యా నీటిని మంత్రపూర్వకముగాఁ జల్లవలయును. కర్మముయొక్క పేరే దాని ఫలమును దెలుపుచున్నది. వేగముగాఁ గనుట, యనఁగాఁ గష్టకాలమును దగ్గించుట. ఆ కష్టము పుణ్యమనియుఁ, దగ్గింపరాదనియు సూత్రకారుఁడు తలంచియుండినచో నిట్టి కర్మకుఁ దావే లేదు.

పురాణములయం దింకొక వింత కనఁబడుచున్నది. భాగవత తృతీయస్కంధమున 31 వ యధ్యాయమునఁ గపిలుఁడు దేవహూతికి గర్భస్థజీవుని యవస్థను వర్ణించును. సూతిమారుతముచేఁ ద్రోయఁబడి, తలక్రిందై, యూపిరాడక, స్మృతి దప్పి జీవుఁడు వెలువడునని యచటి వర్ణనము. గర్భోపనిషత్తునందును నిట్టి భావమే కలదు. ఇచటఁ బ్రసవదుఃఖము శిశువునిది, తల్లిది కాదు. జన్మదుఃఖమును జూపి వైరాగ్యమును బుట్టించుటయే ఫలమగుటచే, నా దుఃఖమునకు ద్వారమైన తల్లి వేదన ప్రసంగవశమునఁ గూడ రాలేదు. కపిలుఁడు చెప్పుచున్నది తన్నుఁ గన్నతల్లితో ననుట యిచట గమనింపఁదగినది.

దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి, ప్రసవవేదన స్త్రీజాతికి శాపముగా విధింపఁబడినదను సిద్ధాంతము పైఁ జూపిన మన ప్రమాణములయందుఁ గానరాదు. దానిఁ దగ్గించుట దైవాజ్ఞోల్లంఘనమను వాదమున కిందుఁ దావు లేదు. రెండవది, నిషేధము లేకపోయినను శ్రద్ధయును జాలదు. నిషేధములేమి వేఱు, దయ వేఱు.

3. ఆయుర్వేదము

ఆ దయ కొంత వైద్యగ్రంథములలోఁ గనఁబడుచున్నది. చరకసంహిత శారీరస్థానమున నెనిమిదవ యధ్యాయమునఁ బ్రసవవిధి సవిస్తరముగాఁ జెప్పఁబడినది. పురిటినొప్పులకు ఆవి యని యచటఁ బ్రత్యేకమైన పేరు. నొప్పులు పడుచున్న స్త్రీచే రోఁకలి పట్టించి ధాన్యము దంపించుట మంచిదని కొందఱి మతము. ఆత్రేయుఁడు దానిని ఖండించును. గర్భిణికి దారుణవ్యాయామ మెల్లప్పుడు వర్జ్యమనియు, విశేషించి సౌకుమార్యము గలిగి ధాతుదోషములు చలించిన ప్రసవకాలమున రోఁకలిపోటుచే వాయువు రేఁగి ప్రాణహాని కలుగుననియు హేతువు చెప్పును. దానికి బదులు మెల్లగా నడచుటయు నావులించుటయుఁ జాలునని యాతని మతము. కోష్ఠు, ఏలకి, పొత్తిదుంప, వస, చిత్రమూలము మున్నగువాని చూర్ణమును మాటిమాటికి మూర్కొనఁజేయుట, భూర్జపత్రపుఁ బొగను గాని యిరుగుడుచేవ పొగను గాని పట్టుట, నడుము ప్రక్కలు వీఁపు తొడలు గోరువెచ్చని నూనెతో మెల్లగా మర్దించుట విహితములు. నొప్పి రానిదే ముక్కవలదని చెంతనున్న స్త్రీలు బోధింపవలయును. రోఁకలిమతమును ఖండించిన పద్ధతి మిక్కిలి గమనింపఁదగినది. లోకాచారముగా వచ్చుచున్న మాటనైనను స్త్రీ శరీరబలమును జూచి త్రోసివేసిన దిది.

ఆ యధ్యాయమందే గర్భశల్యమును వెలికిఁ దీసిన పిమ్మట స్త్రీకి సురాసీధ్వాదులలో నొకదానిని బలానుసారముగాఁ ద్రావింపవలెనని చెప్పి, దానికి మూఁడు ప్రయోజనములు చూపఁబడినవి: కోష్ఠశుద్ధి, ఆర్తిని మఱపించుట, సంతోషము కలిగించుట. ఆర్తివిస్మరణమును బ్రయోజనముగాఁ బేర్కొనుట సామాన్యము కాదు. నొప్పి రోగమునకు లక్షణము మాత్రమే కాదు, తనంతఁ దానే చికిత్సింపఁదగినదని సంహితాకారుఁ డొప్పుకొన్నట్లయినది.

సుశ్రుతసంహిత సూత్రస్థానము 17 వ యధ్యాయమున శస్త్రకర్మమునకు ముందు రోగికి భోజనము పెట్టవలెననియు, మద్యపాయికిఁ దీక్ష్ణమద్యము నీయవలెననియు విధి కలదు. తిన్నవాఁడు మూర్ఛిల్లఁడు, మత్తిల్లినవాఁడు కత్తిపోటు నెఱుఁగఁడు. ఆ మద్య మెవ్వనికి? వేదనాసహునికి. ఈ సమాసమును వేదనా సహః యని విడఁదీసిన వేదన నోర్చువాఁడనియు, వేదనా అసహః యని విడఁదీసిన నోర్వలేనివాఁడనియు నర్థము. సవర్ణదీర్ఘము రెంటను సమానమే. వినుటకు భేదము లేదు. కాని యోర్చువానికి మత్తేల? ప్రకరణమునుబట్టి యోర్వలేనివాఁడనియే యర్థము. ముద్రాపకు లందుకే యచట నవగ్రహచిహ్నము నుంచుదురు.

అయితే ఐదవ యధ్యాయమున దీని కపవాదమున్నది. మూఢగర్భము, ఉదరము, మూలవ్యాధి, అశ్మరి, భగందరము, ముఖరోగము అనువానియందు భోజనము చేయనివానికే శస్త్రకర్మ చేయవలెను. అడ్డముతిరిగిన కాన్పున స్త్రీ కడుపు ఖాళీగా నుండవలెనని దీని సారాంశము. 1946 లో కర్టిసు మెండెల్సను అను నమెరికా ప్రసూతివైద్యుఁడు, మత్తిచ్చి కాన్పు చేయునపుడు కడుపులోని యాహారము పొరపాటున నూపిరితిత్తులలోనికిఁ బోవుటవలనఁ గలుగు నపాయమును నిరూపించెను. అది మొదలు ప్రసూతిమత్తువైద్యమున నాహారనియమము ముఖ్యమైనది. రెండు విధులు కలిసినంతమాత్రమున సుశ్రుతుఁ డాధునికకారణమును ముందే యెఱింగెననుట సాహసము. అతఁడు హేతువు చెప్పలేదు. విధి మాత్రమే చెప్పెను. భోజప్రబంధమున రాజు కపాలమును దెఱచుటకు ముందు మోహచూర్ణ మిచ్చిరను కథ కూడ నిట్టిదే. అది పదునాఱవ శతాబ్దికిఁ జెందిన కావ్యకథ, చికిత్సాగ్రంథము కాదు. మన పూర్వుల ఘనతకుఁ జరకునందలి రోఁకలిఖండన మొక్కటి చాలును. లేనిదానిని జేర్చి యున్నదానిని శంకింపఁజేయరాదు.

4. ఐరోపాయందలి వాదము

1846 అక్టోబరు 16 న అమెరికాదేశపు బోస్టను నగరమున ఈథరు వాసన చూపి శస్త్రచికిత్స చేసి చూపిరి. మూఁడుమాసములలో, 1847 జనవరి 19 న, ఎడింబరోయందుఁ బ్రసూతిశాస్త్రాచార్యుఁడైన జేమ్సు యంగు సింప్సను దానిఁ గాన్పునకు వాడెను. ఆ యేఁడు నవంబరున నాతఁడే క్లోరోఫారముయొక్క గుణమును గనుఁగొని, దానినిఁ బ్రసవములయందుఁ బ్రవేశపెట్టెను.

బైబిలు ఆదికాండము మూఁడవ యధ్యాయమున 16 వ వాక్యము స్త్రీ వేదనతోఁ గనునని విధించుచున్నదనియు, దానిఁ దొలఁగించుట దైవవిరుద్ధమనియు నాక్షేపము రాఁగలదని సింప్సను 1847 డిసెంబరున నొక చిన్నపుస్తకము ప్రకటించెను. అందలి వాదము శుద్ధముగా శాబ్దికము. అచటి హీబ్రూపదమునకు శ్రమ, ప్రయాసము అనునర్థమే కాని నొప్పి యను నర్థము కాదని యాతని పక్షము. తరువాతి వాక్యమునఁ బురుషుఁడు నేల దున్ని పంట తినవలసిన కష్టమునకును నా పదమే వాడఁబడినది. ఎద్దులను గట్టి దున్నుట పురుషునకు దోషము కానపుడు, నొప్పికి మందు స్త్రీకి దోష మెట్లగును? ఆదాము ప్రక్కయెముకను దీయునపుడు దేవుఁడే గాఢనిద్ర కలిగించెను గదా యనియు నాతఁడు చమత్కరించెను.

మన తెలుఁగు బైబిలును జూచితిని. 16 వ వాక్యమున స్త్రీ విషయమునఁ బ్రయాస మను మాటయు వేదన యను మాటయు రెండును గలవు. 17 వ వాక్యమునఁ బురుషుని విషయమునఁ బ్రయాస మనియే కలదు. మూలమునందలి యేకపదత్వమును దెలుఁగువా రంతమట్టునకుఁ గాపాడిరి. సింప్సను వాదమునకుఁ దెలుఁగుపాఠము కొంత సాక్ష్యము పలుకుచున్నది.

మతాచార్యు లందఱుఁ గత్తులు నూఱి సింప్సనుపైఁ బడిరని పెక్కు పుస్తకములలో వ్రాయుదురు. 1983 లో ఎ. డి. ఫారు అను పరిశోధకుఁ డానాఁటి ముద్రితపత్రములను వెదకి, మతపరమైన యాక్షేపములు మిక్కిలి కొలఁదియనియు, సింప్సను రాఁబోవు నాక్షేపములకు ముందే సమాధానము వ్రాసెననియుఁ జూపెను. బలమైన యాక్షేపము వైద్యులనుండియే వచ్చినది. ఫిలడెల్ఫియాయందలి చార్లెసు మీగ్సు మున్నగువారు ప్రసవవేదన ప్రకృతిసిద్ధమనియు, దానిఁ దొలఁగించిన వైద్యునికిఁ గాన్పుగతి తెలియకుండుననియు వాదించిరి. శాస్త్రములో లేని నిషేధమును లోకమే కల్పించుకొని, పిదప శాస్త్రమునకంటఁగట్టుట యన్ని దేశములందును గలదు.

1853 ఏప్రిలు 7 న విక్టోరియా రాణి లియోపోల్డు కుమారునిఁ గనునపుడు జాన్ స్నో మడిచిన చేతిరుమాలుపైఁ గొలఁదికొలఁదిగాఁ గ్లోరోఫారము పోసి నొప్పి వచ్చినపుడెల్ల వాసన చూపెను. 1857 లో మరల నట్లే చేసెను. లాన్సెటు పత్రిక దానిని మొదట విమర్శించెను. అయినను రాణి యొడఁబడినదానిని నిందించు ధైర్యము క్రమముగా లోకమునకు సడలినది. ఆ పద్ధతికి రాణిపద్ధతి యనియే పేరు వచ్చినది.

5. భాగ్యనగరమున జరిగిన పరీక్షలు

ధర్మసంశయము తీఱినను ప్రాణసంశయము తీఱలేదు. 1848 జనవరియందే ఇంగ్లండున 15 ఏండ్ల బాలిక యొకతె క్లోరోఫారము వాసన చూపిన నిమిషములలో మరణించినది. ఆ మందు గుండె నాపి చంపునా, శ్వాస నాపి చంపునా యను ప్రశ్నపై లండనువారికిని ఎడింబరోవారికిని వైరము పెరిగెను. గుండెయే ముందాగునని లండనుపక్షము. శ్వాసయే ముందాగును గాన శ్వాసను గనిపెట్టియున్నచో భయము లేదని ఎడింబరోపక్షము.

ఈ వాదము వ్యవహారమునకు వచ్చినచోటు భాగ్యనగరము. 1846 లో నెలకొల్పఁబడిన హైదరాబాదు వైద్యపాఠశాలకు 1885 లో ఎడ్వర్డు లారీ ప్రధానాచార్యుఁడై వచ్చెను. ఆతఁడు రెసిడెన్సీ వైద్యుఁడును, ఎడింబరోయందు సైముని శిష్యుఁడును. తన గురుమతమును స్థాపించుటకై ఆఱవ నిజాము మీరు మహబూబు ఆలీఖాను గారి సాయముతో 1888 లో మొదటి క్లోరోఫారము సంఘము నేర్పఱచెను. నూఱింటికి మించిన కుక్కలపైఁ బరీక్షలు జరిపి, శ్వాసయే ముందాగుచున్నదని యా సంఘము తీర్పు చెప్పెను. లాన్సెటు పత్రిక దానిని సందేహించెను. అంతట నిజాముప్రభుత్వము వేయి పౌనులిచ్చి, యా పత్రిక తరఫున నొక పరీక్షకునిఁ బంపుమని కోరెను. హృద్రోగచికిత్సయందు లండనులోఁ బ్రసిద్ధికెక్కిన లాడరు బ్రంటను 1889 లో వచ్చెను. లారీ యధ్యక్షుఁడుగా రెండవ సంఘము కుక్కలు, కోఁతులు మొదలగు నాలుగువందలకు మించిన జంతువులపైఁ బరీక్షలు జరిపెను. బ్రంటను వ్యతిరేకమతముతో వచ్చి లారీ మతమునే యొప్పుకొనెను. 1890 లో లాన్సెటు ఆ నివేదికను బ్రకటించెను. ప్రపంచమంతట వైద్యు లొక దశాబ్దమునకుఁ బైగా హైదరాబాదు పేరెత్తి తర్కించుకొనిరి.

తీర్పు నిలువలేదు. 1911 లో గుడ్‌మన్ లీవి, క్లోరోఫారము మత్తు తేలికగా నున్నపుడే గుండె యకస్మాత్తుగాఁ గంపించి యాగఁగలదని పిల్లులపైఁ బరీక్షించి చూపెను. శ్వాసను జూచుచున్నచోఁ జాలునన్న లారీసూత్రము తప్పు. ఇది మన నగరమునకు మచ్చయని నేను తలంపను. పూర్వపక్షము గట్టిగా లేనిచో సిద్ధాంతము పుట్టదు. పరమతస్థునే ధన మిచ్చి పిలిచి పరీక్షింపుమన్న సాహసము, వాదమర్యాద నెఱిఁగినవారందఱు మెచ్చఁదగినది.

ఈ పరీక్షలకంటె మన విషయమునకు దగ్గఱియైనది రూపాబాయి ఫర్దూంజీ చరిత్రము. ఈ పారసీకవనిత 1885 లో వైద్యపాఠశాలయందుఁ జేరిన తొలి యైదుగురు స్త్రీలలో నొకతె. 1889 లో హకీముపట్టమును బొంది, యా యేఁటినుండి 1917 దాఁక హైదరాబాదునందలి వైద్యశాలలలో మత్తిచ్చు వృత్తియందుండెను. 1909 లో ఎడింబరోకుఁ బోయి, మత్తువైద్యమునకుఁ బ్రత్యేకపరీక్ష లేని యా కాలమున భౌతిక రసాయనశాస్త్రములను దన పనికొఱకు నేర్చుకొనెను. ప్రపంచమున మొదటి మహిళామత్తువైద్యురా లీమెయే యని చరిత్రకారులు కొందఱు చెప్పుదురు. పరదాచాటుననున్న స్త్రీలకుఁ బురుషవైద్యుఁడు చేరరాని దినములలో, మందు చేతఁబట్టినది స్త్రీయగుట చిన్నమార్పు కాదు. వేదన స్వసంవేద్యమని మొదటఁ జెప్పితిమి. ఆ వేదనను జెప్పుకొనుటకు సంకోచపడనక్కఱలేని వినికరి యిప్పటికి లభించినది.

ఆమె పనిచేసిన రెసిడెన్సీ వైద్యశాలయే నేఁటి సుల్తానుబజారు ప్రసూతివైద్యశాల. అఫ్జలుగంజు వైద్యశాల 1908 నాఁటి మూసీవఱదలోఁ గొట్టుకొనిపోయినది. తరువాత నా చెంతనే ఉస్మానియా వైద్యశాల లేచినది.

6. పిదప వచ్చిన మార్పులు

ఇరువదవ శతాబ్దియారంభమున జర్మనీదేశపు ఫ్రైబర్గు నగరమున మార్ఫీనును స్కోపొలమీనును గలిపి యిచ్చు పద్ధతి పుట్టెను. 1914 లో నమెరికాస్త్రీలు సభలు చేసి దానిఁ దమకును గావలెనని కోరిరి. అందు వింత యేమనఁగా, స్త్రీ నొప్పికి నఱచును, కాని మెలకువ వచ్చినపిదప దానికా జ్ఞాపకముండదు. ఇది చరకుఁడు చెప్పిన యార్తివిస్మరణమే కాని యార్తినాశనము కాదు. స్మృతి లేనంతమాత్రమున ననుభవము లేదనుట తర్కశాస్త్రమున నిలువదు. శిశువున కూపిరి సరిగా నాడకపోవుట మొదలగు దోషములచే నా పద్ధతి క్రమముగా నడఁగినది.

1933 లో గ్రాంట్లీ డిక్ రీడును, 1951 మొదలు ఫ్రాన్సున లమాజును భయమే నొప్పిని బెంచుననియు, శిక్షణచే దానిఁ దగ్గింపవచ్చుననియుఁ జెప్పిరి. 1942 లో హింగ్సను, ఎడ్వర్డ్సు వెన్నుక్రింద సన్ననిగొట్ట ముంచి యెడతెగక మందిచ్చు మార్గమును గాన్పులకు వాడిరి. నేఁటి ఎపిడ్యూరలు దాని సంతతిలోనిదే. ఇందుఁ దల్లి తెలివితో నుండును, బిడ్డ తొలియేడుపు వినును, నొప్పి మాత్రము మిక్కిలి తగ్గును. 1956 జనవరిలో పన్నెండవ పయసు పోపు ప్రసవవేదన నుపశమింపఁజేయుట మతవిరుద్ధము కాదని వైద్యులతోఁ జెప్పెను. 2018 లో ప్రపంచారోగ్యసంస్థ, కోరిన యారోగ్యవతులైన గర్భిణులకు ఎపిడ్యూరలు నీయవచ్చునని సూచించి, మర్దనము, శ్వాసనియమము మొదలగువానిని గూడ నంగీకరించెను. ఆత్రేయుని గోరువెచ్చని నూనెకు నిందుఁ జోటు దొరకినది.

7. నేఁటి స్థితి

అఫ్జలుగంజునకుఁ బడమటగాఁ గొండరాళ్లపై వెలసిన జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతము నేఁడు తెలుఁగు చిత్రపరిశ్రమకు నిలయము. 1976 లో అన్నపూర్ణ స్టూడియో వచ్చినపిదప నీ కొండలకుఁ జిత్రజనము తరలివచ్చినది. 1988 లో అపోలో వైద్యశాల యిచ్చటనే వెలసినది. ఒకే గుట్టపై నొకచోటఁ గాన్పు నటింపఁబడును, ఇంకొకచోట జరుగును.

మన చిత్రములలోఁ గాన్పుఘట్టము బహుకాలముగా నొకే తీరు. మూసిన తలుపు, బయటఁ బచార్లు చేయు భర్త, లోపలినుండి పెద్దకేక, వెంటనే శిశురోదనము. ఆ కేక యెంత బిగ్గరగా నున్న మాతృత్వ మంత గొప్పదని ప్రేక్షకుని కభిప్రాయము కలుగును. నొప్పికి మందడిగిన తల్లిని నే నే చిత్రమునందును జూడలేదు. పూర్వము పురాణకారుఁడు తల్లి వేదనను విడిచిపెట్టెను. చిత్రకారుఁడు దానిని వినిపించెను గాని మాన్పఁదలఁపఁడయ్యెను.

నా యొద్ద వెనుకఁ జదివిన యొక యమ్మాయి ఫిలింనగరునఁ జిత్రసంకలనపుఁ బనిలో నున్నది. తొలిచూలు నిండునెలలలో నామె యత్తగారును దానును మా యింటికి వచ్చి, పెద్ద ఆపరేషనునకు ముహూర్తము పెట్టుమని యడిగిరి. బిడ్డ కేమైన నడ్డమా యని యడిగితిని. లేదనిరి. మఱి ముహూర్తమే కారణమా యనఁగా, అమ్మాయి తలవంచుకొని, "ముహూర్తము అత్తయ్యగారికోసమండి, మాస్టారూ. నాకైతే నొప్పులంటే భయము. ఆపరేషనైతే నొప్పి తెలియదన్నారు" అనెను. అత్తగారు "మేమందఱము కనలేదా శాస్త్రిగారూ, ఈ కాలపు పిల్ల లోర్వలేరు" అని నవ్విరి. నొప్పులు పడునపుడే నొప్పికి మందున్నదని యెవరైనఁ జెప్పిరా యని యడిగితిని. "ఎవ్వరును చెప్పలేదు. నడుములో సూది వేసిన జన్మాంతము నడుమునొప్పి యని మాత్రము విన్నాను" అనెను.

ఆ మాటకు నాకు సిగ్గు కలిగినది. అంతకు ముందు నట్టి ముహూర్తములు నేనును గొన్ని పెట్టియుంటిని. జ్యోతిషమున జన్మలగ్నము చూచి తెలిసికొనఁదగినది కాని, యేర్పఱుపఁదగినది కాదు. ముహూర్తగ్రంథములు సూతికాగృహప్రవేశమునకును, సూతికాస్నానమునకును గాలము చెప్పినవి గాని ప్రసవమునకుఁ జెప్పలేదు. ఈ సంగతి వారికిఁ జెప్పి, ముహూర్తము పెట్టక, వైద్యురాలినే యడుగుఁడని పంపితిని.

2019–21 నాఁటి ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి తెలంగాణమునఁ గాన్పులలో నూటికి 60.7 శస్త్రచికిత్సవలన జరిగినవి. ప్రైవేటు వైద్యశాలలలో నది నూటికి 81.5, ప్రభుత్వవైద్యశాలలలో 44.5. దేశమున సగటు 21.5 మాత్రమే. ఈ యాధిక్యమునకుఁ గారణములు పెక్కులు. వైద్యులవియు, ధనమునవియు, ముహూర్తములవియుఁ గలవు. భయమును వానిలో నొకటి యని నేను జూచినది. ఆపరేషనునాఁడు నొప్పి తెలియకున్నను కోఁతగాయపు నొప్పి పిదప దినములకొలఁది యుండును. మఱుకాన్పునకుఁ జిక్కులు గలుగవచ్చును. తల్లికో బిడ్డకో యపాయమున్నప్పు డది ప్రాణదానమే. భయమునకు మందుగా నది తగదు. ఎపిడ్యూరలువలనఁ జిరకాలపు నడుమునొప్పి పెరుగుననుటకు సాక్ష్యము లేదని 2018 నాఁటి కాక్రేను సమీక్ష తేల్చినది. ఆపరేషనులు పెరుగుననుటకును లేదు. రక్తపుపోటు తగ్గుట, జ్వరము మున్నగునవి కొందఱికిఁ గలుగవచ్చును గాన వైద్యుఁడు చెంతనుండి కనిపెట్టవలెను.

8. ఉపసంహారము

శ్రుతియు గృహ్యమును వేగముగాఁ గనుమని దీవించినవి. చరకుఁడు రోఁకలిని మాన్పి, యార్తిని మఱపింపఁజూచెను. సుశ్రుతుఁ డోర్వలేనివానికి మత్తిమ్మనెను. భాగ్యనగర మా మత్తుయొక్క మంచిచెడ్డలను లోకమునకై పరీక్షించెను. ఇంత చరిత్రముండియు మన యిండ్లలో నొప్పి నోర్చుట మాతృధర్మ మను మాట యెట్లు స్థిరపడినది? ఏ శాస్త్రమును జెప్పని యీ ధర్మమును, మందు లేని దినములలోఁ దప్పనిసరియైనదానిని, మందు వచ్చినపిదపఁ గూడ మనము గుణముగా నిలిపికొంటిమి.

సుశ్రుతుని సమాసమే యిందుకుఁ దార్కాణము. స్త్రీని వేదనాసహ యని మనము పొగడితిమి. వినుట కొక్కటే మాట. సహ యని విడఁదీసి యామె నోర్పునకుఁ గట్టితిమి. అసహ యని విడఁదీయు నధికారము, అనఁగా నోర్వలేనని చెప్పు నధికారము, వేదన నెఱిఁగినదానిదే కాని వినువారిది కాదు. ఒకతె మందు వలదని యోర్చి కనవచ్చును. ఒకతె మందడిగి కనవచ్చును. రెండు పదచ్ఛేదములును సాధువులే. ఆ ఛేదమును జేయవలసినది మాత్ర మామెయే.

ఆ యమ్మాయి పిదప నేమి చేసెనని చదువరు లడుగవచ్చును. వైద్యురాలితో మాటాడి, నొప్పులు వచ్చుదాఁక వేచియుండి, నడుమునకు సూదిమందు వేయించుకొని, యాఁడుబిడ్డను గన్నది. అత్తగారే ఫోనుచేసి సుఖప్రసవమైనదని చెప్పిరి. ఆ సమాసమునకు నే నిన్నాళ్లు చెప్పుచుండిన యర్థమును విద్యార్థులకు నిఁకఁ గొంచెము సరిదిద్ది చెప్పవలసియున్నది. ఇందలి గుణదోషములను విజ్ఞులు పరిశీలింతురు గాక.